మామయ్య గుండెకు తగలని చప్పుడు

మార్చి 11

రవి వచ్చి వెళ్ళాడు. ఒంగోలు నుంచి ఈ ఎండలో బైకు మీద. మరిది వచ్చాడని చేపల పులుసు పెట్టాను. తిన్నాడు, చెయ్యి కడిగాడు, సంచిలోంచి డబ్బా తీసి వాళ్ళన్న చేతిలో పెట్టాడు. నల్లటి ప్లాస్టిక్ డబ్బా, ఎర్ర మూత, చుట్టూ ఇంగ్లీషు.

"తుపాకి మందుకి బదులు ఇప్పుడిదే వాడతారంట అన్నయ్యా. పొగ తక్కువ, మసి తక్కువ. హైదరాబాదులో మా ఫ్రెండు కాల్చేది దీంతోనే."

ఈయన అక్కడికక్కడే మూత తీసి వాసన చూశారు. పక్కన స్టవ్ మీద పాలు! గబగబా వెళ్ళి స్టవ్ కట్టేశాను. అన్నదమ్ములిద్దరూ నన్ను చూసి నవ్వారు.

పాత మందు చేసిచ్చే ముసలాయన కొట్టు మూసేశాడు. అనుమతుల గొడవ. మా దగ్గర మిగిలింది అగ్గిపెట్టెలో పట్టేంత. తిరునాళ్ళేమో దగ్గరకొచ్చేశాయి. అమ్మవారి ముందు తుపాకి పేల్చే హక్కు ఈ ఇంటిది, తాతల నాటి నుంచి. ఇన్నాళ్ళూ మందు దొరక్క ఈయనకి నిద్ర లేదు. డబ్బా వచ్చాక ఈయనకి నిద్ర పట్టింది, నాకు పోయింది.

మార్చి 12

డబ్బా బీరువా మీద పెట్టారు. ఆ గదిలోకి అగరొత్తి కూడా తీసుకెళ్ళడం మానేశాను.

మార్చి 14

కల్లంలో మిరపకాయలు తిరగేయించాం. ఈసారి తాలు తక్కువే. నల్ల తామర పురుగు మన చేలోకి రాలేదు, అమ్మవారి దయ అంటారు ఈయన. నేను మందులు కొట్టించడం వల్ల అంటాను, మనసులో.

ఏరే ఆడవాళ్ళలో ఒకామె — "అనసూయమ్మగారూ, గుడి ముందు రాట పాతే రోజు చెవుల్లో దూది మర్చిపోకండి" — అందరూ గొల్లున నవ్వారు. నవ్వండమ్మా నవ్వండి. కుక్కర్ విజిలుకి కూడా ఉలిక్కిపడతానని ఊరంతటికీ తెలుసు. అలాంటిదాన్ని తీసుకొచ్చి తుపాకి ఉన్న ఇంట్లో ఇచ్చారు మా నాన్న.

దాన్ని ఎప్పుడు చూసినా నా కళ్ళు గొట్టం మధ్యలో ఉన్న ఇత్తడి పట్టీ మీదికే పోతాయి. ఎప్పుడో చీలితే వేయించారట. ఎంత తేలిగ్గా అంటారో ఆ మాట! చీలినప్పుడు అది ఎవరి చేతిలో ఉంది, ఆ చెయ్యి ఏమైంది... అడిగితే ఎవరూ చెప్పరు. "గుండు వెయ్యం కదే, ఉత్త మందూ పీచూనే" అంటారు ఈయన. గుండు లేకపోతే గొట్టానికి తెలుస్తుందా, ఊరికే చప్పుడు చేసి ఊరుకోవాలని?

మామయ్య అయితే తన రెండు చెవులూ దానికే ఇచ్చుకున్నారు. ఇప్పుడు పక్కన పిడుగు పడ్డా వినపడదు ఆయనకి.

మార్చి 17

గుడి ముందు రాట పాతారు ఇవాళ. రాట నిలబడగానే ఒకసారి పేల్చాలి. మళ్ళీ తిరునాళ్ళ నాడు, ఎత్తైన వెదురు ప్రభ లేచేటప్పుడు ఇంకోసారి.

చెవుల్లో దూది, దాని మీద కొంగు. అయినా డప్పుల మోత పళ్ళలో తెలుస్తోంది. కుర్రాళ్ళు టపాసుల సరం ముట్టించారు. ఈయన పంచె బిగించి, తుపాకి భుజానికి ఆనించి... అగ్గిపెట్టెలోని పాత మందు ఒక చిటికెడు గొట్టం పక్కనుండే చిన్న గిన్నెలో, రవి తెచ్చిన కొత్తది గొట్టం లోపల. గుర్రం, అదే కింది మీట, లాగారు. చెకుముకి రాయి టక్కున పడింది. మంట భగ్గున లేచింది, పొగ కమ్మేసింది. "జై" అని అరిచారు అందరూ. ఈయన మొహం పొగలోంచి బయటికి వచ్చింది. నేను రెండు కళ్ళూ లెక్కపెట్టుకున్నాను. ఉన్నాయి.

అయిపోయింది అనుకుని కూర్చున్నాను.

పక్కన మామయ్య కుర్చీలోంచి లేవబోతున్నారు. చెవిటివాళ్ళ గొంతు కదా, కొడుక్కే కాదు, ఊరంతా వినపడేలా: "పేల్లేదు! పేల్లేదురా సాంబా!"

డప్పుల్లో ఎవరూ పట్టించుకోలేదు.

మార్చి 18

పొద్దున్నే కాఫీ ఇస్తుంటే మళ్ళీ అదే మాట. "అమ్మాయ్, నిన్న తుపాకి పేల్లేదు."

పొగ వచ్చింది మామయ్యా అని చేతులతో చూపించాను.

ఆయన అరచెయ్యి ఛాతీ మీద పెట్టి కొట్టుకున్నారు. "నాకు చెవులు లేవు గానీ ఇది ఉంది. అది పేలితే ఇక్కడ తగుల్తది. నిన్న డప్పులు తగిలినయ్యి, టపాసులు తగిలినయ్యి. అది తగల్లా."

ఈయనకి చెప్పాను. "నాన్నకి పెద్దతనం" అని చొక్కా వేసుకుని మిర్చి యార్డుకి వెళ్ళిపోయారు.

మార్చి 20

ఉండబట్టలేక రవికి ఫోన్ చేశాను. వాడూ ఏదో దాస్తున్నట్టే మాట్లాడాడు మొదట.

"వదినా... నిన్ననే అడిగాను మా ఫ్రెండుని. చెకుముకి తుపాకికి ఆ పొడి పనికిరాదంట. పాత మందైతే నిప్పురవ్వకే అంటుకుంటది. దీనికి ఇంకా వేడి కావాలంట. బయట గిన్నెలో మంట వస్తదంట గానీ లోపలది అంటుకోకుండా ఉండిపోతదంట."

"ముందే అడగొద్దా రవీ?"

"మనది ఇంత పాతకాలందని వాడికి నేను చెప్పలా వదినా. సిగ్గనిపించింది."

"మీ అన్నయ్యకి చెప్పు."

"నువ్వు చెప్పు వదినా. నన్ను తిడతాడు."

తిట్లంటే వీడికి భయం. మరి నాకో.

అంటే మామయ్య చెప్పింది నిజమైతే... గొట్టంలో పోసింది పోసినట్టే ఉందా? అది హాల్లో మేకులకి వేలాడుతోంది. మూడు రోజులుగా నేను దాని కింద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్నాను.

మార్చి 20 — మళ్ళీ

చెప్పాను. వినలేదు. "పొగ చూళ్ళా? మంట చూళ్ళా? ఊరంతా చూసింది!"

ఒకసారి దించి, కడిగి చూడండి అన్నాను. నన్ను చూసిన చూపు! రాట నాటి మసి తిరునాళ్ళు దాటేదాకా కడగకూడదు, అది ఆనవాయితీ. అదీ నాకు తెలుసు. తెలిసే అడిగాను.

మార్చి 21

చింతపండు వంటింట్లో తీస్తున్నాను. ఈయన పడక్కుర్చీ కూడా కాస్త జరిపాను. తుపాకి మూతి ఎటు చూస్తోందో చూసి, అటు కాకుండా. చూసి నవ్వారు, మళ్ళీ జరుపుకున్నారు. ఈ మనిషిని కాపాడ్డం కన్నా దూడని కట్టెయ్యడం తేలిక.

మార్చి 24

తాడేపల్లి నుంచి అక్క ఫోన్. గొంతులోనే కనిపెట్టేసింది. "నువ్వొచ్చెయ్యవే ఇక్కడికి, తిరునాళ్ళు అయ్యాక పోదువు గాని."

నేను వెళ్తే? ఆయన భుజానికి ఆనించుకునేది ఆనించుకుంటారుగా. దూరంగా ఉండి భయపడడం ఇంకా ఎక్కువ భయం.

మార్చి 27

తుపాకి నింపారు ఇవాళ.

తిరునాళ్ళకి ముందు, నింపిన తుపాకి అమ్మవారి పటం దగ్గర నిద్ర చెయ్యాలి. పూజగదిలో తలుపు దగ్గరగా వేసి చేశారు. గడప ఇవతల నుంచి నేను చూస్తూనే ఉన్నాను. కొత్త మందు... కొబ్బరి పీచు... కూరే కడ్డీతో దబదబా దంచడం. ఒక్కో దంపుకీ నా భుజం ఎగిరింది. మామయ్య నా వెనక నిలబడి అరుస్తున్నారు — "ఆపరా! కడ్డీ చూడరా, కడ్డీ ఎంత పైకుందో చూడు!" ఈయన చేత్తో సైగ చేశారు, వెళ్ళి పడుకో నాన్నా అని.

"మొన్న లోపలి మంట సన్నగా అందింది, అంతే," అన్నారు బయటికి వచ్చాక. "ఈసారి గిన్నె నుంచి గొట్టంలోకి పోయే సందులోకే పాత మందు సూదితో కూరతా. తప్పే పనే లేదు."

తప్పే పని లేదు! తప్పితే బాగుణ్ణని మొక్కుకుంటున్న పెళ్ళాం ముందు నిలబడి అన్నారు ఆ మాట. మొన్నటిది లోపలే ఉంటే, దాని మీద ఇది. రెండు మందులూ, రెండు పీచు ఉండలూ, చీలిన గొట్టం, దాని పక్కనే ఆనించిన చెంప.



మార్చి 28

ఈయన పొలానికి వెళ్ళగానే మామయ్య నా చెయ్యి పట్టుకుని పూజగది దగ్గరికి తీసుకెళ్ళారు. గొంతు తగ్గించబోయారు పాపం, తగ్గలేదు. "కడ్డీ దించి చూడమ్మా. దాని మీద ఎర్ర దారం చుట్టి ఉంటది. ఒక మందు ఉంటే దారం గొట్టం మూతి దగ్గర ఆగుద్ది. నా చేతులు వణుకుతున్నయ్యి, లేకపోతే నేనే చూద్దును."

ఆడవాళ్ళు ముట్టకూడదు దాన్ని. నేను ఈ ఇంటికి వచ్చాక దాని మీద దుమ్ము కూడా దులపలేదు.

దీపం కొండెక్కించాను ముందు. అమ్మా, తప్పైతే నా మీదే వెయ్యి అనుకున్నాను. మొహం పక్కకి తిప్పుకుని, కళ్ళు మూసుకుని, చెయ్యి మాత్రం చాపి... కడ్డీ మెల్లగా వదిలాను. జారింది, మెత్తగా దేన్నో తాకి ఆగింది. ఆ మెత్తదనానికి నా ఒళ్ళంతా చెమట. కళ్ళు తెరిచాను.

దారం మూతికి బెత్తెడు పైనే నిలబడింది.

మామయ్య చూశారు. గోడ పట్టుకుని కింద కూర్చున్నారు.

సాయంత్రం కల్లంలో చెప్పాను ఈయనకి, కూలీలు వెళ్ళాక. ముందు ఎగిరారు. "దాన్ని ముట్టుకున్నావా? నీకేమన్నా మతుందా?" కాయలు ఎర్రగా కళ్ళు మండేంత పరుచుకుని ఉన్నాయి. ఈయన పరదా అంచు సర్దుతూ సర్దుతూ ఆగిపోయారు. వీపు నా వైపే ఉంది.

"మొన్న పేలిందో లేదో నాకు తెలీదే."

"భుజానికి తెలియదా?"

"కళ్ళు మూసుకున్నా. ఎప్పుడూ మూసుకుంటా. ఆ మంట చెంప పక్కన లేస్తే ఇంకేం తెలీదు నాకు."

ఇన్నేళ్ళలో ఈ మాట చెప్పలేదు నాకు. నేను ఒక్కదాన్నే భయపడుతున్నాననుకుంటూ బతికాను ఈ ఇంట్లో. ఎంత కోపం వచ్చిందో, అంత జాలి వేసింది. దగ్గరికి వెళ్ళి వీపు మీద చెయ్యి వేశాను. చొక్కా తడిసిపోయి ఉంది.

వద్దండీ అన్నాను. మొన్న పేలలేదని చెప్పేద్దాం అన్నాను.

"చెబితే రాట చెల్లదంటారు. మళ్ళీ మొదట్నించీ చెయ్యాలంటారు. రేపు ఎవడి చేలో పురుగు పడ్డా, ఎవడి గొడ్డు చచ్చినా, సాంబయ్య తుపాకి పేల్లేదు అందుకే అంటారు. నాన్నని తలెత్తుకుని తిరగనిస్తారా?"

"అయితే దాన్ని ఖాళీ చేసి మళ్ళీ నింపండి. ఎవరికి తెలుస్తుంది?"

"అమ్మవారి పేరున పోసింది అమ్మవారి ముందే కాలాలి. చేత్తో తీస్తే ఇంట్లో మనిషి పోతాడు."

కాలిస్తే ఎవరు పోతారో? అడగలేకపోయాను. అడిగితే మాట నిజమవుతుందేమోనని భయం.

మార్చి 29

పొద్దుట నుంచీ ఒకటే ఆలోచన. నీళ్ళు. తడిస్తే మందు చస్తుంది, అది నాకూ తెలుసు. మందు చేత్తో తీసినట్టు కాదు. కానీ అమ్మ పేరున ఉన్నదాని మీద నీళ్ళు పోయడం... దీపం మీద నీళ్ళు పోసినట్టే కదా.

మరి తీర్థం అయితే?

అభిషేకం చేసిన తీర్థం గుడి నుంచి పొద్దున తెచ్చాను, చెంబుతో. అమ్మ నీళ్ళు అమ్మ తుపాకిలోకి పోతే తప్పెలా అవుతుంది? పంతులుగారిని అడిగే మాట కాదు ఇది. నాకు నేనే పంతుల్ని.

మధ్యాహ్నం. ఈయన భోంచేసి నడుం వాల్చారు. గురక మొదలయ్యేదాకా వంటింట్లో నిలబడ్డాను. మామయ్య పూజగది గడప మీద కూర్చున్నారు, కాపలా అన్నట్టు. నా చేతిలో చెంబు చూశారు. పక్కకి జరిగారు.

గొట్టం మూతిలో పోస్తుంటే సగం నేల మీదే పోయింది. మిగతాది సన్నగా పోశాను. గుటకలేసినట్టు చప్పుడు. తర్వాత మూతి దాకా నిలిచిపోయింది. లోపలికి దిగడం లేదు. ఎంతసేపు చూసినా దిగదే! పీచు అంత గట్టిగా కూరారు. పైన ఒకటి, దాని కింద మందు, ఆ కింద మళ్ళీ పీచు, అన్నిటికీ అడుగున రాట నాటి మందు. నిప్పు తగిలేది అడుగుదానికే. నీళ్ళు నిలబడింది పైన.

కొంగుతో నేల తుడిచాను. అమ్మవారి మొహం చూడలేదు.

మార్చి 29 — చీకటి పడకముందు

ఇందాక చూశాను. మూతి దగ్గర నీళ్ళు లేవు. ఎటు పోయాయి? పీచు పీల్చుకుందా, అడుగుదాకా దిగాయా? గిన్నె పక్క సందులో వేలు పెట్టి చూద్దామంటే ధైర్యం చాల్లేదు. నేల కూడా ఆరిపోయింది.

పైది తడిసి బరువెక్కి, కిందది పొడిగా ఉంటే? రవికి ఫోన్ చేశాను. "అయ్యో వదినా" అన్నాడు. "తడిస్తే మంచిదే. సగం తడిస్తే నాకు తెలీదు."

మంచి చేశానో చెడు చేశానో... కాపాడబోయి నా చేత్తో నేనే... ఆ వాక్యం పూర్తి చెయ్యను.

మార్చి 30

తిరునాళ్ళు.

ఈయన తలస్నానం చేసి పసుపు పంచె కట్టుకున్నారు. పూజగదిలోకి వెళ్ళారు. నేను గడప దగ్గర. చెప్పెయ్యాలి, ఇప్పుడు చెప్పెయ్యాలి. తుపాకి ఎత్తి భుజాన వేసుకోబోతూ మూతి కిందికి వంచారు.

ఒక చుక్క.

ఆయన బొటనవేలి మీద పడింది. ఆయన దాన్ని చూశారు. నన్ను చూశారు. నా చెయ్యి చెంబు పట్టుకున్నట్టే ముడుచుకుపోయి ఉంది, నాకే తెలియలేదు.

తిడతారనుకున్నాను. కొడతారేమో అని కూడా అనుకున్నాను. వేలు పంచెకి తుడుచుకున్నారు. సూదీ, పాత మందున్న అగ్గిపెట్టే పటం ముందు నుంచి తీసుకుని నడుముకి దోపుకున్నారు.

"సూది వదిలేయండి. మీకు దణ్ణం పెడతాను."

"నాన్నని మేడ మీదికి తీసుకెళ్ళు. ఎండ తగలకుండా చూడు."

అంతే. వెళ్ళిపోయారు. వాకిట్లో మేళం వాళ్ళు ఆయన వెనక కలిశారు.

ఇదంతా మేడ మీద కూర్చుని రాస్తున్నాను. రాయకపోతే అరుస్తానేమోనని. ఇక్కడ నుంచి గుడి కనపడదు, వేపచెట్లు అడ్డం. ప్రభ తల మాత్రం కనపడుతోంది, రంగు కాగితాలు ఎండలో తళతళమంటూ. ఇంకా లేవలేదు. టపాసులు ఒకటే మోత. ఈ మోతలో అది పేలినా నాకు తెలియదు. పేలకపోయినా తెలియదు. గొట్టం చీలినా ఇలాగే చప్పుడవుతుందేమో.

చెవుల్లోంచి దూది తీసేశాను.

ప్రభ కదిలింది.

లేస్తోంది.

మామయ్య అరచెయ్యి ఛాతీ మీద పెట్టుకున్నారు. ఆయన నా మొహం చూస్తున్నారు. నేను ఆయన చెయ్యి చూస్తున్నాను —